ఇంట్లో ప్రాక్టీస్ చేస్తే 50కి 47, ఈవెంట్‌లో మాత్రం అలారం: ఈ బ్రౌజర్ మినీ గేమ్స్‌తో నిజంగా చెయ్యి తిరుగుతుందా?

అలారం బుజ్జి, విజయవాడ

అందరికీ నమస్కారం. ఈ పేరు నేను పెట్టుకున్నది కాదు, మా గ్యాంగ్ పెట్టింది. ఎందుకు పెట్టారో చెబితేగానీ నా ప్రశ్న అర్థం కాదు, కాస్త ఓపిక పట్టండి.

నాది ఏలూరు రోడ్డు పక్క సందులో జిరాక్స్ షాపు. ఆధార్ ప్రింట్లు, హాల్ టికెట్లు, పీఎఫ్ క్లెయిములు, ఆన్‌లైన్ అప్లికేషన్లు అన్నీ చేస్తాం. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టర్ దించి, ఇంటికెళ్ళి తిని, పదిన్నర పదకొండుకి సిస్టమ్ ముందు కూర్చుంటా. జీటీఏ ఫైవ్ అనే కంప్యూటర్ గేమ్‌లో ఒక తెలుగు రోల్‌ప్లే సర్వర్, అంటే అందరం ఒక్కో పాత్ర వేసుకుని ఆన్‌లైన్‌లో కలిసి ఆడే చోటు. పేరెందుకులెండి, చిన్నది, రాత్రిపూట ఓ యాభై మంది ఉంటారు. అందులో నేను బుజ్జి అనే ఆటో డ్రైవర్‌ని. పగలు ఆటో తోలుతా, రాత్రిళ్ళు తాళాలు తీస్తా. గ్యాంగ్‌లో ఐదుగురం. గుంటూరు వాళ్ళు ఇద్దరు, హైదరాబాద్‌లో ఒకడు, డల్లాస్‌లో ఒకడు, నేను. మనకి రాత్రి పదకొండున్నర అయితే డల్లాస్ వాడికి మధ్యాహ్నం పన్నెండు. వాడు లంచ్ బ్రేక్‌లో వచ్చి దొంగతనం చేసి వెళ్తాడు.

సంక్రాంతికి సర్వర్ వాళ్ళు బ్యాంక్ ఈవెంట్ పెట్టారు. లోపలి తలుపు తీయాల్సింది నేను. తలుపు దగ్గర మినీ గేమ్ వస్తుంది. అడ్డం 6, నిలువు 6 గళ్ళు. అందులో 14 గళ్ళు 4 సెకన్లు వెలిగి ఆరిపోతాయి. వెలిగినవి ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని అన్నీ నొక్కాలి. మూడో తప్పుకి అలారం మోగుతుంది.

తొమ్మిదో గడి దాకా బానే వచ్చా. అప్పుడు రేడియోలో గుంటూరు వాడు, "మావా, రెండు పోలీసు బళ్ళు వంతెన ఎక్కినయ్" అన్నాడు. అంతే. తర్వాత మూడు క్లిక్కులు, మూడూ తప్పే. ఐదుగురం లోపలికి పోయాం. జైలు 45 నిమిషాలు. ఆటలో నిమిషాలు కాదు, గోడ గడియారంలో నిమిషాలు. డల్లాస్ వాడి లంచ్ మొత్తం జైల్లోనే అయిపోయింది. ఆ రాత్రి నుంచి నేను అలారం బుజ్జిని.

పౌరుషం వచ్చి, ఇలాంటివే ఆడుకునే బ్రౌజర్ గేమ్స్ వెతికా. చాలానే ఉన్నాయి. ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పేజీ తెరిస్తే చాలు. గళ్ళది ఒకటి, గుండ్రంగా ముల్లు తిరుగుతుంటే సరైన చోట మీట నొక్కేది ఒకటి, తెర మీద వచ్చిన అక్షరాలు టైము అయ్యేలోపు కొట్టేది ఒకటి. చిన్నప్పుడు సత్యనారాయణపురంలో నెట్ సెంటర్‌కి పోయి ఫ్లాష్ గేమ్స్ ఆడేవాళ్ళం కదా, అచ్చం అలాగే ఉన్నాయి. ఆ ఫ్లాష్‌ని 2020 డిసెంబర్ 31తో ఆపేశారు గానీ ఆటల వరస మాత్రం మారలేదు.

పది రోజులు కూర్చున్నా. షాపులో గిరాకీ లేనప్పుడు కూడా ఆడా. ఇప్పుడు గళ్ళ ఆటలో 50కి 47 సార్లు పాసవుతున్నా. సరే, పుంజుకున్నాం అనుకుని మొన్న శనివారం సర్వర్‌లో చిన్న నగల షాపు మీదకి వెళ్ళాం. మళ్ళీ అలారం. ఈసారి రేడియోలో ఎవరూ ఏమీ అనలేదు కూడా. "ఎవడైనా ఏమైనా అంటాడేమో" అని నేనే ఎదురుచూస్తూ కూర్చున్నా.

నా ప్రశ్నలు ఇవీ. ఈ బ్రౌజర్ గేమ్స్ సర్వర్‌లో వచ్చేవాటికి నిజంగా దగ్గరగా ఉంటాయా, లేక నేను వేరే ఏదో నేర్చుకుంటున్నానా? ఇంట్లో వచ్చేది అక్కడ ఎందుకు రావట్లేదు? మీలో ఎవరికైనా ఇలా అయ్యి బయటపడ్డారా?

ఇంకో విచిత్రం కూడా చెప్పాలి. ఆదివారం నేను ప్రాక్టీస్ చేస్తుంటే మా వదిన కాఫీ ఇవ్వడానికి వచ్చి, "ఏంటిది, చుక్కల ముగ్గా?" అంది. ఆడమన్నా. మొదటిసారి 12 గళ్ళు పట్టింది, రెండోసారి 14కి 14. ఆవిడ ఫోన్‌లో కూడా ఎప్పుడూ గేమ్ ఆడిన మనిషి కాదు. నాకు 14 రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఎలా అని అడిగితే, "ఒక్కొక్కటీ ఎందుకు లెక్కపెడతావు? మధ్యలో గిన్నె ఉంది, దానికి పక్కన తోక ఉంది, పైన రెండు చుక్కలు" అని కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

కృష్ణలంక కింగ్

అన్నా, ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటే ఇదే. ఈసారి ఈవెంట్‌కి వదిన్ని కూర్చోబెట్టు, నువ్వు కాఫీ పెట్టు.

ఇంకోటి, ఈ మోడ్‌లు, అంటే గేమ్‌ని మార్చే బయటి ఫైళ్ళు అవీ పెట్టుకుంటే అసలు గేమ్ అకౌంటే పోతుందంటారు కదా? మా వాళ్ళు భయపెడుతున్నారు, అందుకే నేను ఇంకా సర్వర్‌లోకి రాలేదు.

నాలుగో లైను, గుంటూరు

కింగ్, అది పాత భయం. ఈ రోల్‌ప్లే సర్వర్లు నడిచే ఫైవ్ఎం అనే సాఫ్ట్‌వేర్ టీమ్‌ని 2023 ఆగస్టులో జీటీఏ తీసే రాక్‌స్టారే తనలో కలుపుకుంది. వాళ్ళ నియమాలు వాళ్ళకున్నాయి గానీ, ఫైవ్ఎంలో ఆడినంత మాత్రాన దొంగవైపోవు.

బుజ్జి, నేను బ్రాడీపేటలో ఉంటా, రెండు సర్వర్లకి స్క్రిప్టులు, అంటే ఆటని నడిపే చిన్న ప్రోగ్రాములు రాసిపెడుతుంటా. నీ మొదటి ప్రశ్నకి జవాబు నా దగ్గరుంది, మిగతావి నా వల్ల కాదు.

ఫైవ్ఎంలో నీకు తెర మీద కనిపించే ఫోను, మెనూలు, మినీ గేమ్స్ దాదాపు అన్నీ వెబ్ పేజీలే. గేమ్ లోపల క్రోమ్ లాంటిదే, క్రోమియం అనే బ్రౌజర్ ఒకటి కూర్చుని ఉంటుంది. తలుపు దగ్గర నువ్వు మీట నొక్కగానే సర్వర్ వాళ్ళ స్క్రిప్టు ఆ బ్రౌజర్‌కి "ఫలానా ఆట చూపించు, ఇన్ని గళ్ళు, ఇన్ని సెకన్లు" అని కబురు పంపిస్తుంది. ఆట అయ్యాక పాసో ఫెయిలో తిరిగి చెబుతుంది. మధ్యలో జరిగేదంతా మామూలు హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్టు. అందుకే బయట ప్రాక్టీస్ పేజీలు అన్ని ఉన్నాయి. ఆట ఫైళ్ళున్న ఫోల్డర్ తీసి, కబురు వచ్చే చోట మనమే ఒక బటన్ పెడితే, ఆట క్రోమ్‌లో నడుస్తుంది. కాబట్టి నువ్వు ఆడేది నకిలీ ఏమీ కాదు.

తేడా ఎక్కడంటే అంకెల్లో. ముల్లు తిరిగే ఆటనే తీసుకో. చాలా సర్వర్లలో ఆక్స్ లిబ్ అనే ఉచిత లైబ్రరీ, అంటే రెడీమేడ్ కోడ్ మూటలో ఉన్న స్కిల్ చెక్ అనే ముల్లు ఆట వాడతారు. అందులో ఈజీ అంటే నొక్కాల్సిన ముక్క 50 డిగ్రీలు, వేగం 1. మీడియం 40 డిగ్రీలు, వేగం 1.5. హార్డ్ 25 డిగ్రీలు, వేగం 1.75. చూడ్డానికి హార్డ్ ఈజీలో సగమే కదా అనిపిస్తుంది. లెక్క వెయ్యి. 50ని 1తో భాగిస్తే 50, 25ని 1.75తో భాగిస్తే 14 చిల్లర. అంటే ముల్లు ఆ ముక్కలో ఉండే సమయం మూడున్నర రెట్లు తగ్గిపోయింది. పైగా సర్వర్ వాడు ఇవేమీ వద్దని తన సొంత అంకెలు పెట్టుకోవచ్చు. నువ్వు బయట ఈజీలో వంద సార్లు ఆడి చెయ్యి తిరిగిందనుకుంటే, అది ఆ యాభై డిగ్రీలకే తిరిగింది. మీ సర్వర్ డెవలపర్‌ని అడుగు, ఏ స్క్రిప్టు, ఏ అంకెలు అని. చాలామంది చెప్పేస్తారు, దాచడానికి అందులో ఏమీ లేదు.

రెండోది ఫ్రేములు. మామూలు మానిటర్ మీద, ఖాళీ బ్రౌజర్‌లో నీకు సెకనుకి 60 ఫ్రేములు వస్తాయి, అంటే 16.7 మిల్లీసెకన్లకి ఒక బొమ్మ. సర్వర్‌లో బ్యాంకు బయట ముప్పై మంది, పది బళ్ళు ఉన్నప్పుడు అది 40కి పడితే, బొమ్మకి 25 మిల్లీసెకన్లు. ముల్లు జారినట్టు కాకుండా గెంతినట్టు కనిపిస్తుంది. మామూలు మనిషికి కంటితో చూసి వేలితో నొక్కడానికి ఎలాగూ సెకనులో పావు వంతు దాకా పోతుంది. కాబట్టి ముల్లు ముక్కలోకి వచ్చాక నొక్కుదాం అనుకునేవాడు హార్డ్‌లో ఎప్పటికీ గెలవడు. ముందే, లయ పట్టుకుని నొక్కాలి. తబలా వాళ్ళు సమం, అంటే తాళంలో మొదటి దెబ్బ మీదకి వచ్చినట్టు.

నువ్వే సొంతంగా ఒక పేజీ చేసుకోవడం మంచిది. ఒక్క ఫైలు, నోట్‌ప్యాడ్ చాలు. ఒక్క జాగ్రత్త. జావాస్క్రిప్టులో ఇంత సేపటికోసారి గంట కొట్టే సెట్ ఇంటర్వల్ అనేది ఉంటుంది, అది ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టి టైముని కొలవకు. పాత సిస్టమ్ మీద, బరువు ఎక్కువైనప్పుడు అది ఆలస్యంగా కొడుతుంది, నీ 4 సెకన్లు నీకు తెలియకుండానే నాలుగున్నర అవుతాయి. పేజీ వెనక ట్యాబ్‌లోకి పోతే క్రోమ్ దాన్ని సెకనుకి ఒక్కసారికి తగ్గించేస్తుంది కూడా. బ్రౌజర్ గడియారం చెప్పే పెర్ఫార్మెన్స్ డాట్ నౌ ఆట మొదలైనప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత, రెండింటి తేడా చూడు. నేనూ మొదట్లో ఇదే తప్పు చేసి రెండు వారాలు మోసపోయా.

చివరగా, "ఆటోమేటిక్‌గా సాల్వ్ చేస్తుంది" అని ఎవడైనా ఫైలు పంపితే తెరవకు. సర్వర్‌లో దొరికితే బ్యాన్, దొరక్కపోయినా, ఆ ఫైలే గేమర్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో నీ అకౌంట్ కొట్టేయొచ్చు. ప్రాక్టీస్ పేజీకి లాగిన్‌తో పనేంటి? అడిగిందంటేనే అనుమానించు.

అలారం బుజ్జి

చాలా థ్యాంక్స్ అన్నా. మా డెవలపర్‌ని అడిగా. గళ్ళ ఆటకి సర్వర్‌లో 4 సెకన్లు. నేను ఆడుతున్న పేజీలో సెట్టింగ్స్ తెరిచి చూస్తే 5. ఆ ఒక్క సెకను నా 47లో ఎంత ఉందో ఏమో. 4కి మార్చి ఆడితే 50కి 38. పది రోజులు నాకు నేనే జోల పాడుకున్నట్టయింది.

అయినా 38 కూడా తక్కువేం కాదు కదా. సర్వర్‌లో రెండుకి రెండుసార్లూ ఎందుకు పోయిందో మాత్రం ఇంకా తేలలేదు.

టైపు మాస్టారు, అరండల్‌పేట

బాబూ, మీ ఆటలు నాకు తెలియవు. మా అబ్బాయి ఇది చదివి, "నాన్నా, నువ్వు చెప్పేదే వీళ్ళకి కావాలి" అంటే రాస్తున్నాను. ముప్పై ఏళ్ళ పైన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. ఇప్పుడు మిషన్లు రెండే మిగిలాయి, నేర్చుకునేవాళ్ళు అంతకన్నా తక్కువ.

టైపు పరీక్షలు రెండు, లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. ఇన్‌స్టిట్యూట్‌లో 50 కొట్టే పిల్లలు పరీక్షలో ఫెయిలై ఏడుస్తూ వచ్చేవారు. మొదట్లో నాకూ అర్థమయ్యేది కాదు. ఒకసారి పరీక్ష హాలు బయట నిలబడి విన్నాను. నలభై మిషన్లు ఒకేసారి మొదలయ్యాయి. వడగళ్ళ వాన రేకుల మీద పడ్డట్టు ఉంది. మా దగ్గర ఒక బ్యాచ్‌కి ఆరుగురే. పక్కవాడి క్యారేజీ గంట కొట్టగానే, "వాడు లైను అయిపోయాడు, నేను ఇంకా ఇక్కడే ఉన్నాను" అనే ఆలోచన వస్తుంది. చెయ్యి తప్పేది ఆ ఆలోచన వల్ల, చప్పుడు వల్ల కాదు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు రాసింది మళ్ళీ చదువుకో. తొమ్మిది గళ్ళు సరిగ్గా కొట్టావు. రేడియోలో మాట వినబడింది, మూడూ తప్పాయి. మొదటి తప్పు రేడియోది అనుకుందాం. మిగతా రెండూ రేడియోవి కావు. మొదటి తప్పు గురించి ఆలోచిస్తూ కొట్టినవి. మా దగ్గర కాగితాలు దిద్దేటప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఒక తప్పు ఒంటరిగా ఉండదు, వెనకాలే ఇంకోటి ఉంటుంది. అందుకని పిల్లలకి ఒక అలవాటు చేశాను. తప్పు పడిందని తెలియగానే రెండు చేతులూ మీటల మీద నుంచి లేపి, మళ్ళీ ఏ ఎస్ డి ఎఫ్ మీద, సెమీకోలన్ ఎల్ కె జె మీద పెట్టాలి. ఒక్క క్షణం. ఆ క్షణం పోయినా 30 మాటలకి ఢోకా లేదు. నీ ఆటలో కూడా గళ్ళు ఆరిపోయాక నొక్కడానికి టైము ఉంటుంది కదా? ఉంటే ఆ పని చెయ్యి. మౌస్ మీద నుంచి చెయ్యి తియ్యి, మళ్ళీ పెట్టు.

రెండో మాట. నీది జిరాక్స్ షాపు అన్నావు. ఆధార్ నంబరు 12 అంకెలు. కౌంటర్ మీద నలుగురు అరుస్తుంటే, ఫోన్ మోగుతుంటే, ఒకడు చిల్లర అడుగుతుంటే ఆ నంబరు తప్పు లేకుండా కొడుతున్నావా లేదా? కొడుతున్నావు, లేకపోతే షాపు నడవదు. ఎలా కొడుతున్నావు? నాలుగు, నాలుగు, నాలుగు. కార్డు మీద అలాగే అచ్చేశారు కాబట్టి. మీ వదినగారు గిన్నె, తోక అన్నదీ అదే. పన్నెండు వస్తువులు మొయ్యలేని తల మూడు మూటలు మోస్తుంది.

షాపులో నీ చేతికి గోల మధ్యనే పని నేర్పావు, గోలలోనే చేస్తోంది. ఈ ఆట చేతికి రాత్రి నిశ్శబ్దంలో నేర్పి, తీసుకెళ్ళి సంతలో నిలబెట్టావు. నేను పరీక్షకి పదిహేను రోజుల ముందు మూడు బ్యాచ్‌లనీ ఒకేసారి పిలిచి, తలుపులు వేసి, రేడియో పెద్దగా పెట్టి కొట్టించేవాణ్ణి. పక్క ఇంటివాళ్ళు తిట్టేవారు. పాసయ్యేవాళ్ళు పెరిగారు.

రోజుకి పావుగంట చాలు. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చుంటే వేళ్ళు నొప్పెడతాయి తప్ప ఏమీ రాదు.

కృష్ణలంక కింగ్

మాస్టారూ, దండం. మా నాన్న మీ దగ్గరే లోయర్ చేసి ఉంటాడు, ఇప్పటికీ కీబోర్డ్‌ని మిషన్ కొట్టినట్టు కొడతాడు.

మొగల్రాజపురం పిల్ల

వదిన గారి ముగ్గు సంగతి చదివి ఆగలేక రాస్తున్నా. చదరంగం మీద ఇలాంటి పాత పరిశోధన ఒకటుంది, 1973లో చేజ్, సైమన్ అనే ఇద్దరు రాసింది. నిజంగా ఆడిన ఆటలోని పావుల అమరికని కొద్ది సెకన్లు చూపిస్తే చేయి తిరిగిన ఆటగాళ్ళు చాలావరకు తిరిగి పేర్చేశారు, కొత్తవాళ్ళు కొన్నే పెట్టగలిగారు. అవే పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లి చూపిస్తే ఇద్దరికీ పెద్ద తేడా లేదు. జ్ఞాపకశక్తి ఎక్కువుండి కాదు, ఆకారాలు ముందే తెలిసుండి. ధనుర్మాసం నెలంతా చుక్కలు పెట్టే మనిషికి 6 బై 6 గళ్ళు ఎంత! మీరు కూడా వెలిగిన గళ్ళకి పేర్లు పెట్టుకోండి. గిన్నె, కుర్చీ, చేప, ఏదైనా. నోటితో గట్టిగా అనండి.

నాది వేరే లోకం. మాది కంప్యూటర్ గేమ్ కాదు. పోయినేడాది మా కాలేజీ ఫెస్ట్‌లో నలభై మందితో ఒక మిస్టరీ రోల్‌ప్లే పెట్టాం. జమీందారు బంగళాలో నగ పోయింది, ఒక్కొక్కరికీ ఒక పాత్ర. మునసబు, వంటవాడు, మద్రాసు నుంచి వచ్చిన లాయరు, అలా. పెట్టెలు తెరవడానికి ఫోన్‌లో బ్రౌజర్ మినీ గేమ్స్ పెట్టాం. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేజీ వస్తుంది, గెలిస్తే తాళం నంబరు కనిపిస్తుంది. రెండు రోజుల ముందు గ్రూపులో ప్రాక్టీస్ లింకు కూడా ఇచ్చాం. అవన్నీ రాసింది నేనే, కాబట్టి పరువు పోయిందీ నాదే.

ఒకటి 15 పలకలు జరిపే ఆట. తెలుసు కదా, 4 బై 4 చట్రం, ఒక గడి ఖాళీ, అంకెలు వరసలో పెట్టాలి. నేను తెలివిగా 15 అంకెల్నీ కంప్యూటర్‌తో ఇష్టమొచ్చినట్టు కలిపించి పెట్టేశా. నాలుగు టీములు. రెండు టీములు పది నిమిషాల్లో తెరిచాయి. మిగతా రెండూ చివరి వరస దాకా వచ్చి, 13, 15, 14 దగ్గర ఆగిపోయాయి. ఇరవై నిమిషాలు జరిపారు. మునసబు వేషం వేసిన అబ్బాయి పంచె సరిచేసుకోవడం కూడా మానేసి ఫోన్ రుద్దుతూనే ఉన్నాడు. లాయరు అతని మీద అరుస్తోంది, "నీకు రాకపోతే నాకివ్వు" అని. ఎవరికిచ్చినా రాదు. ఆ ఆటలో పలకల్ని ఊడదీసి ఇష్టమొచ్చినట్టు పేరిస్తే వచ్చే అమరికల్లో సరిగ్గా సగం ఎంత జరిపినా తేలవు. 1879లోనే గణిత పత్రికలో నిరూపించి అచ్చు వేశారు. నేను అది ఫెస్ట్ అయిపోయాక, హాస్టల్ మంచం మీద పడుకుని చదివా.

సొంతంగా ఆట రాసుకునేవాళ్ళకి చెప్పేదొకటే. వరసలో ఉన్న పలకలతో మొదలుపెట్టి, కంప్యూటర్ చేతే రెండు వందల సార్లు న్యాయంగా జరిపించండి. అలా కలిపింది తప్పకుండా తిరిగి వస్తుంది. నిజానికి ప్రాక్టీస్ లింకులో కూడా అదే తప్పు ఉంది. కొందరు "నాకు రావట్లేదు అక్కా" అంటే, "ఇంకా ప్రాక్టీస్ చెయ్యండి" అని చెప్పా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాలుగో లైను గారు, మాస్టారు చెప్పినదానికి అడ్డు చెప్పను గానీ ఒక్క మాట. బుజ్జి గారూ, మీరు 50కి 50 తెచ్చుకుంటే మీ ఈవెంట్ బాగుంటుందా? తలుపు టక్కున తెరుచుకుంటుంది, డబ్బు సంచులు, ఇంటికి. మీరు తప్పు చేసిన రాత్రే కదా మీ పాత్రకి పేరొచ్చింది. అలారం బుజ్జి అనే మనిషి ఆ రాత్రే పుట్టాడు. మా ఫెస్ట్‌లో కూడా జనం ఇప్పటికీ చెప్పుకునేది నగ ఎవరు తీశారని కాదు, మునసబుకీ లాయరుకీ జరిగిన గొడవ.

అలారం బుజ్జి

మీరు చెప్పింది బానే ఉంది గానీ, ఆ పేరు డల్లాస్ దాకా పోయిందండి. వాడి భార్య కూడా "అలారం అన్నయ్య గారు బాగున్నారా" అంటోంది. ఇంక పుట్టింది చాలు.

మూడు వారాలు ఆగి మళ్ళీ రాస్తా.

అలారం బుజ్జి

మూడు వారాలన్నా, నాలుగయ్యాయి. పదో తరగతి హాల్ టికెట్ల రద్దీ.

నాలుగో లైను అన్న చెప్పినట్టు సొంత పేజీ చేసుకున్నా. నాకు కోడింగ్ రాదు, అన్న ఇచ్చిన ముక్కకి రంగులూ అంకెలూ మార్చుకున్నానంతే. సరిగ్గా మా సర్వర్ అంకెలే పెట్టా. వచ్చిన స్కోరు బ్రౌజర్‌లోనే దాచుకుంటుంది, రేపు తెరిచినా ఉంటుంది.

మాస్టారు చెప్పిన గోల కోసం రెండు పనులు చేశా. మా గ్యాంగ్ పాత ఈవెంట్ రికార్డింగ్ ఒకటి ఉంది, అందరూ ఒకేసారి అరుస్తుంటారు, వెనక సైరన్లు. అది చెవుల్లో పెట్టుకుని ఆడా. మొదటి రోజు 50కి 21. అంటే నా అసలు సంగతి అదన్నమాట! 47 కాదు, 38 కాదు, 21. పన్నెండు రోజులకి 36 దాకా వచ్చింది. ఆ రికార్డింగ్ బట్టీ వచ్చేసిందని అనుమానం వచ్చి వదిన్ని బతిమాలా. నేను గళ్ళు చూస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని కిరాణా చీటీ చదువుతుంది, "పెసరపప్పు అరకిలో, చింతపండు పావు, అగరబత్తి రెండు." ఆట అయ్యాక చింతపండు ఎంతో నేను చెప్పాలి. ఇది రేడియో కన్నా ఘోరం. సైరన్‌ని వదిలేయొచ్చు, చింతపండుని వదలలేం. మొదటిరోజు 19. ఇప్పుడు 33, 34 దగ్గర ఆగింది. అంతకన్నా పెరగట్లేదు. మధ్యలో రెండుసార్లు నిజంగానే చింతపండు తెచ్చిపెట్టా, అది వేరే సంగతి.

గళ్ళకి పేర్లు పెట్టడం బాగా పనిచేసింది. నాకు ముగ్గులు రావు, అందుకని షాపు సామాన్లు పెట్టుకున్నా. స్టాప్లర్, పంచ్, లామినేషన్ మిషన్. ఎల్ ఆకారం కనిపిస్తే స్టాప్లర్. గట్టిగా అంటుంటే మా అన్నయ్య తలుపు తీసి చూసి వెళ్ళాడు.

పోయిన శనివారం మళ్ళీ బ్యాంక్ ఈవెంట్. తలుపు దగ్గర కూర్చున్నా. గళ్ళు వెలిగాయి. స్టాప్లర్, రెండు పంచ్‌లు, కింద తోక. ఆరిపోయాయి. ఏడు కొట్టా. ఎనిమిదోది తప్పు. వెంటనే రేడియోలో గుంటూరు వాడు, "మావా, వచ్చేశారు, వచ్చేశారు" అన్నాడు. మాస్టారూ, మీ మీద ఒట్టు, మౌస్ వదిలేసి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నా. డల్లాస్ వాడు "బుజ్జీ, ఏం చేస్తున్నావురా, కదలవేం" అని అరుస్తున్నాడు. మళ్ళీ మౌస్ పట్టుకుని మిగతా ఏడూ కొట్టా. తలుపు తెరుచుకుంది. ఒక్క సెకను ఎవరూ మాట్లాడలేదు.

సంచులు నింపుకుని బయటికొచ్చాం. వ్యాన్ తోలేది రెండో గుంటూరు వాడు. పోలీసులు వెనకపడ్డారు. వాడు సందు తిరగాల్సింది తిరక్కుండా నేరుగా పోయి, రేవు చివర నుంచి వ్యాన్‌ని సముద్రంలోకి దించేశాడు. డబ్బుతో సహా. మళ్ళీ 45 నిమిషాలు. వాడికి ఇప్పుడు లాంచీ బాబు అని పేరు పెట్టాం.

వాడు రెండు రోజుల నుంచి నన్ను చంపుతున్నాడు, డ్రైవింగ్‌కి ఇలాంటి బ్రౌజర్ గేమ్ ఏదైనా ఉందా అని. ఎవరికైనా తెలిస్తే ఇక్కడ చెప్పండి. మొగల్రాజపురం అమ్మాయి గారూ, ఆ పలకల ఆట సరిచేసిన ఫైలు ఉంటే నాకు పంపండి, వదిన అడుగుతోంది.